నాలుగు మొక్కల కాంబో: మొక్కలకు వంక లేదు, చీటీకే ఉంది

మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్, సింగోనియం. ఆన్‌లైన్‌లో ‘ఎయిర్ ప్యూరిఫయింగ్ కాంబో’ అని అమ్మే సెట్లలో తరచూ కనిపించే కూర్పు ఇది. నాలుగంగుళాల ప్లాస్టిక్ కుండీలు, కోకోపీట్ కలిపిన మట్టి, పైన తెల్ల గులకరాళ్లు, ఒక చిన్న చీటీ. ఎంత వెలుతురు కావాలి, ఎన్నాళ్లకోసారి నీళ్లు పోయాలి అన్నవి చీటీలో ఉంటాయి. ఆకు నోట్లో పెట్టుకుంటే ఏమవుతుందన్నది చాలావాటిలో ఉండదు. పాకే బిడ్డో, పిల్లో, కుక్కో ఉన్న ఇంటికి ముందు కావలసింది ఆ మాటే.

బతకడంలో ఈ సెట్‌కు ఢోకా లేదు. పదిరోజులు ఊరెళ్లొచ్చినా స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ అలాగే ఉంటాయి. చస్తే నీళ్లెక్కువై వేరు కుళ్లే చస్తాయి. గాలి శుభ్రం చేస్తాయన్న ప్రచారాన్ని మాత్రం నమ్మి కొనకండి. దానికి సాక్ష్యంగా చూపించే 1989 నాటి నాసా ప్రయోగం బిగించి మూసిన పెట్టెల్లాంటి గదుల్లో చేసింది. పాత ప్రయోగాలన్నీ తిరగేసి 2019లో లెక్కేస్తే, మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసే పనికి సాటి రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. అంత అడవి పెంచే బదులు కిటికీ తెరవడం తేలిక.

ఇక చీటీలో లేని మాట. స్నేక్ ప్లాంట్ తప్ప మిగతా మూడూ కంద, చేమల చుట్టాలే. కంద కోస్తే చెయ్యి ఎందుకు దురద పెడుతుందో, వీటి ఆకు నమిలితే నోరు అందుకే మండుతుంది. కంటికి కనపడని కాల్షియం ఆక్సలేట్ సూదులు నాలుకలోకి, పెదాల్లోకి దిగుతాయి. సామెతలో కందకు దురద లేదు గానీ, నమిలిన నోటికి బాగా ఉంటుంది. మంట, చొంగ, పెదాల వాపు. ఆ మంట వల్లే రెండో కొరుకు పడదు కాబట్టి చాలాసార్లు కొన్ని గంటల్లో సర్దుకుంటుంది, ప్రాణం మీదికి రావడం అరుదు. స్నేక్ ప్లాంట్‌లో ఉండేవి సాపోనిన్లు, కుంకుడు నురగకు కారణమయ్యే జాతివే. కుక్కా పిల్లీ తింటే వాంతులు, విరేచనాలు.

కొన్ని సెట్లలో సింగోనియం బదులు డిఫెన్‌బాకియా వస్తుంది. తిప్పి పంపండి. సూదులు అవే అయినా దీని దెబ్బ గట్టిది, నాలుక వాచి మాట రాకపోవచ్చు.

అసలు భయం కాంబోలో కాదు, బిల్లు కట్టే ముందు ‘ఇవి కూడా చూడండి’ అని ఊరించే వాటిలో. అడీనియం గన్నేరు కుటుంబానిది, దాని పాలు గుండె కొట్టుకునే తీరునే దెబ్బతీస్తాయి. కలంచో కూడా గుండె మీదికే పోతుంది. సైకస్ కుక్కల కాలేయాన్ని పాడుచేస్తుంది, గింజలు మరీ ప్రమాదం. పిల్లి ఉన్న ఇంట్లోకి అసలైన లిల్లీ పూలగుత్తి కూడా రాకూడదు. ఒంటిమీద పడ్డ పుప్పొడి నాకినా, వాజులో నీళ్లు తాగినా మూత్రపిండాలు పోతాయి. పీస్ లిల్లీకి పేరొక్కటే లిల్లీ, అదీ కంద బాపతే.

గులకరాళ్లు వచ్చిన రోజే తీసేయండి, పాకే బిడ్డ గొంతుకు అడ్డం పడే సైజు అవి. ఎరువుగా ఆముదం పిండి అంటగడితే వద్దనండి. అందులో రిసిన్ అనే విషం ఉంటుంది, కుక్కలు వాసనకు వెళ్లి తింటాయి. వర్మీకంపోస్టు చాలు. మనీప్లాంట్‌ను బీరువా మీద పెట్టినా తీగ కిందికి జారుతుంది, నెలకోసారి కత్తిరించి ముక్కలు అప్పుడే చెత్తలో వేయాలి. పిల్లికి ఎత్తు అడ్డం కాదు కాబట్టి ఆ ఇంట్లో ఈ ఉపాయం పనిచేయదు.

బిడ్డ ఆకు నమిలితే నోట్లో ముక్కలు తీసి, తడిగుడ్డతో నాలుక, పెదాలు తుడిచి, చల్లని నీళ్లో పాలో పెరుగో కొద్దికొద్దిగా ఇవ్వండి. ఉప్పునీళ్లు పట్టి కక్కించకండి, వచ్చేటప్పుడు గొంతు మళ్లీ మండుతుంది. రసం కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా కడగాలి. మింగలేకపోతున్నా, ఊపిరి శబ్దంగా వస్తున్నా 108. అడీనియం, గన్నేరు అయితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆకు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117.

పెద్దవాళ్లే ఉండే ఇంటికి ఈ కాంబోకు 5కు 4 ఇవ్వొచ్చు. పాకే బిడ్డ ఉంటే 2, ఆకులు కొరికే పిల్లి ఉంటే 1. మార్చి పంపే నర్సరీ అయితే స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్, బోస్టన్ ఫెర్న్, కలాతియా అడగండి. ఫెర్న్ అని చెప్పి ఆస్పరాగస్ ఫెర్న్ పెడితే తీసుకోకండి, అది ఫెర్నే కాదు, దాని ఎర్రటి కాయలు కడుపు చెడగొడతాయి.