రోటరీ కన్వర్టరా, పాదరస రెక్టిఫయరా?

1920ల నాటి ట్రామ్ సబ్‌స్టేషన్ ఇంజనీరుకు ఏసీ కరెంటును సుమారు 600 వోల్టుల డీసీగా మార్చడానికి ప్రధానంగా రెండు దారులుండేవి: తిరిగే రోటరీ కన్వర్టర్ ఒకటి, 1902లో పీటర్ కూపర్ హ్యూయిట్ రూపొందించిన పాదరస ఆర్క్ రెక్టిఫయర్ రెండోది.

శ్రమ విషయంలో తేడా స్పష్టం. కన్వర్టర్‌ను సింక్రనైజ్ చేయాలి (ఏసీ సరఫరా లయతో కలపాలి), కరెంటును అందుకునే కార్బన్ బ్రష్‌లు అరిగితే మార్చాలి, అవి రాసుకుంటూ పోయే రాగి పట్టీల చక్రం, అంటే కమ్యుటేటర్ మీద చేరే కార్బన్ పొడిని తుడుస్తుండాలి. రెక్టిఫయర్‌లో తిరిగే ప్రధాన భాగమే లేదు. గాజు బుడ్డిలో పాదరసం మీద ఒక వెలుగు చుక్క అటూ ఇటూ పరుగెడుతుంటే గదంతా నీలికాంతి పరుచుకుంటుంది.

నష్టం లెక్క మరింత ఆసక్తికరం. పాదరస ఆవిరి గుండా సాగే ఆర్క్‌లో పోయేది లోడు ఎంతైనా దాదాపు 20 వోల్టులే కనుక, 600 వోల్టుల దగ్గర అది మూడు శాతం పైచిలుకు, 220 దగ్గర తొమ్మిది శాతం. తక్కువ లోడులోనూ కన్వర్టర్ ఇనుప భాగాల్లో వేడిగా పోయే నష్టం, రాపిడి నష్టం తగ్గవు.

ప్రమాదం రెంటికీ ఉంది: కన్వర్టర్‌కు కమ్యుటేటర్ మీద ఫ్లాష్‌ఓవర్ (బ్రష్‌ల మధ్య నిప్పు దూకడం), అదీ సెకనుకు 25 సైకిళ్ల ఏసీ కంటే 50 సైకిళ్ల దగ్గర ఎక్కువగా, రెక్టిఫయర్‌కు ఆర్క్ ఎదురు తన్నడం (కరెంటు వెనక్కి పారడం). అయితే పవర్ ఫ్యాక్టర్‌ను (ఏసీ వోల్టేజి, కరెంటుల లయ ఎంత కలిసిందో చెప్పే కొలతను) సరిదిద్దడం, బ్రేకు వేసిన బండి తిప్పిపంపే కరెంటును ఏసీ వైపుకు చేర్చడం అప్పట్లో కన్వర్టర్‌కే చేతనయ్యేది.

కాబట్టి ఆ రోజుల్లో 25 సైకిళ్ల సరఫరా, తక్కువ వోల్టేజి, కాపలా సిబ్బంది ఉన్నచోట కన్వర్టర్ నయం; ఎక్కువ వోల్టేజి, ఒడిదుడుకుల లోడు, మనిషి లేని సబ్‌స్టేషన్ అయితే రెక్టిఫయరే తగినది.