హొనొలులు నుంచి లిహుయె: గాల్లో అరగంట, దారిలో ఆరున్నర గంటలు

హవాయిలో ఒక దీవి నుంచి ఇంకో దీవికి టికెట్ కొనేముందు ఇది చదవండి. హొనొలులు నుంచి కవాయి దీవిలోని లిహుయె ఎయిర్‌పోర్టుకు దూరం 165 కిలోమీటర్లు. రాజమండ్రి నుంచి విజయవాడ ఎంతో దాదాపు అంతే. టికెట్ మీద 40 నిమిషాలని ఉంటుంది, గాల్లో ఉండేది అరగంట. ఆ అంకె చూసే మధ్యాహ్నం భోజనం కవాయిలో అనుకున్నాం.

"పంటు లేదా అమ్మాయ్?" అని అడిగారు అత్తయ్యగారు. ఆవిడది నర్సాపురం, అక్కడ జనాన్నీ బళ్లనూ గోదావరి దాటించే పడవను పంటు అంటారు. హవాయిలో కార్లను కూడా ఎక్కించుకునే పెద్ద ఓడ 2007లో మొదలైంది కానీ, పర్యావరణ కేసుల్లో పడి 2009లో ఆగిపోయింది. ఇప్పుడు విమానమే గతి.

ఉదయం 9కి హొనొలులులోని వైకీకీలో హోటల్ ఖాళీ చేశాం. టాక్సీకి 48 డాలర్లు, రెండు పెట్టెలకు 60. విమానం 12:15కి బయల్దేరి 12:55కల్లా దిగిపోయింది. జామ, నారింజ, ప్యాషన్ ఫ్రూట్ కలిపిన జ్యూస్ చిన్న కప్పుల్లో ఇచ్చారు. అత్తయ్యగారు రేకు మూత ఊడదీసి రెండు గుక్కలు తాగేసరికి ఖాళీ కప్పుల కోసం సంచీ పట్టుకుని వచ్చేశారు.

అసలు బాధ అద్దె కారు దగ్గర. నాలుగు రోజులకు 316 డాలర్లకు బుక్ చేశాం. క్యూలో గంటంపావు నిలబడ్డాక, "మీ సొంత ఇన్సూరెన్స్ ఈ దీవిలో చెల్లదు, రోజుకు 34 డాలర్లు కట్టాలి" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. వెనక జనం, ఆకలితో పిల్లలు. మా ఆయన సంతకం పెట్టేశారు. బిల్లు 452. రాత్రి మా ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేస్తే, చెల్లుతుందన్నారు! ఆ 136 డాలర్లు ఇప్పటికీ తిరిగి రాలేదు. ఆ సాయంత్రమంతా మా ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మీరు మాత్రం బయల్దేరకముందే ఫోన్ చేసి అడగండి, జవాబు ఈమెయిల్లో తెప్పించుకోండి.

డెబ్భై ఒక్కేళ్ల అత్తయ్యగారికి కూర్చోవడానికి అక్కడ ఒక్క కుర్చీ లేదు. పెట్టె మీదే కూర్చున్నారు. కవాయి నిండా ఊరిమీద తిరిగే కోళ్లే. ఎర్రటి పుంజొకటి దగ్గరకొస్తే, "ఇది డేగరా!" అని (కోడిపందేల్లో ఎర్ర పుంజును అలాగే అంటారు) పిల్లలకు చూపించి, సంక్రాంతి బరుల కబుర్లు మొదలెట్టారు. వాళ్లు ఆకలి మరిచిపోయారు. గదికి చేరేసరికి మూడున్నర.

తర్వాతి మూడు రోజులు హాయిగా గడిచాయి. వైమియా కాన్యన్ అనే పెద్ద లోయ, కర్ణాటకలో చేత్తో చెక్కించి తెచ్చిన రాళ్లతో కట్టిన ఇరైవన్ శివాలయం తప్పక చూడండి. గుడికి ఉదయం పూట, ముందే బుక్ చేసుకుని వెళ్లాలి.

దీవి మారిన రోజున ఇంకే పనీ పెట్టుకోకండి, తినడానికి ఏదైనా చేతిలో ఉంచుకోండి. తిరుగు ప్రయాణంలో జ్యూస్ కప్పు చేతికి రాగానే అత్తయ్యగారు మూత తీయకుండా బ్యాగులో వేసుకున్నారు.