పేరుమోసిన యజమాని దగ్గర ఫైనాన్స్ హెడ్‌గా ఎవరు మేలు: కుర్రాడా, తలపండినవాడా?

పలాస జీడిపప్పు వ్యాపారమైనా, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఫ్యాక్టరీ అయినా, మన వైపు కంపెనీ కంటే ముందు మనిషి పేరు వినబడుతుంది. బ్యాంకు మేనేజరు ఆ మనిషిని చూసి అప్పిస్తాడు, వ్యాపారి ఆ మనిషి మాట మీద సరుకు వదులుతాడు. 1978లో రాజాంలో జూట్ మిల్లుతో మొదలైన జీఎంఆర్, భోగాపురం విమానాశ్రయం కట్టే స్థాయికి ఎదిగాక కూడా జనం ఆ కంపెనీని వ్యవస్థాపకుడి పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు. ఇలాంటి యజమాని పక్కన ముప్పై మూడేళ్ల సీఏని ఫైనాన్స్ హెడ్‌గా కూర్చోబెడితే ఊళ్లో వచ్చే మొదటి మాట ఒక్కటే: "ఆయనెదుట నోరెత్తగలడేటి ఈ కుర్రోడు?"

అడగాల్సిన ప్రశ్నే. కానీ వయసు చూసి జవాబు చెప్పేస్తే పొరపాటు పడతాం.

ఈ మధ్యకాలంలో ఈ ప్రశ్న ప్రపంచమంతా అడిగింది అమెరికా విద్యుత్ కార్ల కంపెనీ టెస్లా విషయంలో. ఎలాన్ మస్క్ కంటే ఎక్కువ వెలుగులో ఉండే యజమాని మరొకరు లేరు. 2018 ఆగస్టులో కంపెనీని షేరు మార్కెట్ నుంచి తీసేసి ప్రైవేటు చేస్తానని, డబ్బు సిద్ధంగా ఉందని ఆయన ట్వీట్ చేశాడు. దానిపై అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థతో కుదిరిన రాజీలో ఆయనా, కంపెనీ చెరో 2 కోట్ల డాలర్లు కట్టారు. ఆయన చైర్మన్ పదవి వదులుకున్నాడు. అదే ఏడాది ముఖ్య అకౌంటింగ్ అధికారిగా చేరినాయన నెల తిరక్కుండానే వెళ్లిపోయాడు. ఆ వాతావరణంలో, 2019 జనవరిలో, అనుభవజ్ఞుడైన దీపక్ ఆహూజా స్థానంలో 34 ఏళ్ల జాక్ కిర్క్‌హార్న్ సీఎఫ్‌వో, అంటే ఫైనాన్స్ హెడ్, అవుతున్నాడని ప్రకటించారు. మదుపరులు ఉలిక్కిపడ్డారు. 2019 మొదటి త్రైమాసికంలో 70.2 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది కూడా.

తర్వాత జరిగింది వేరు. 2020లో టెస్లా మొదటిసారి పూర్తి ఏడాది లాభం చూపింది, ఆ డిసెంబరులో అమెరికా పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500లో చేరింది. కిర్క్‌హార్న్ 2023 ఆగస్టు దాకా ఆ పదవిలో నిలిచాడు. అంతకుముందు 2015లో గూగుల్ నుంచి తెచ్చుకున్న జేసన్ వీలర్, బయట మంచి అనుభవం గడించినవాడే, ఏడాదిన్నర లోపే తప్పుకున్నాడు. నా లెక్కలో తేడా ఇక్కడే ఉంది. కిర్క్‌హార్న్ 2010లోనే టెస్లా ఫైనాన్స్ విభాగంలో చేరినవాడు. కారు తయారీలో ఎక్కడ ఎంత ఖర్చవుతుందో, యజమానికి ఎప్పుడు కోపం వస్తుందో, ఏ మాట ఎప్పుడు చెబితే వింటాడో కుర్చీ ఎక్కకముందే తెలుసు. పైగా ఆహూజా వెంటనే మాయం కాలేదు, కొంతకాలం సలహాదారుగా ఉంటానన్నాడు. కిర్క్‌హార్న్ తర్వాత వచ్చిన వైభవ్ తనేజా కూడా లోపలివాడే, అప్పటికే అక్కడ ముఖ్య అకౌంటింగ్ అధికారి.

మన దేశంలోనూ ఉదాహరణ ఉంది. మోహన్‌దాస్ పాయ్ 1994లో ఇన్ఫోసిస్‌లో చేరేటప్పటికి నలభై లోపే. నారాయణమూర్తి పేరు దేశమంతా పెరుగుతున్న ఆ ఏళ్లలో, 1999లో అమెరికా షేరు మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్టింగ్ సహా, 2006 వరకూ సీఎఫ్‌వోగా ఆయనే చూసుకున్నారు.

ఇక చేదు ఉదాహరణ. ఆండ్రూ ఫాస్టో 36 ఏళ్లకు, 1998లో అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్‌కు సీఎఫ్‌వో అయ్యాడు. కంపెనీతో లావాదేవీలు చేసే సొంత భాగస్వామ్య సంస్థలు నడుపుకోవడానికి డైరెక్టర్ల బోర్డే ప్రవర్తనా నియమాలు సడలించి అనుమతిచ్చింది. 2001 డిసెంబరుకు ఎన్రాన్ దివాలా తీసింది, ఆయన జైలుకెళ్లాడు. ఇందులో నేను వయసును తప్పుపట్టలేను. కాపలా కాయాల్సిన బోర్డే తాళం తీసి చేతికిచ్చింది.

పెద్ద వయసువాడైతే ఇలా జరగదని ధీమాగా చెప్పేవాళ్లకు సత్యం కంప్యూటర్స్ కథ గుర్తుచేయాలి. లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ 2009 జనవరి 7న దాని అధినేత రామలింగరాజు రాసిన ఉత్తరం తెలుగు ఇళ్లలో ఎన్ని డీమ్యాట్ ఖాతాలను తుడిచిపెట్టిందో మనకు తెలుసు. 2015లో కోర్టు దోషులుగా తేల్చినవారిలో సీఎఫ్‌వో కూడా ఉన్నాడు. ఆయన నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు కాదు, ఏళ్ల తరబడి ఆ కంపెనీలో ఉన్నవాడు.

మళ్లీ మన ఊరికి వస్తాను. జీడి వ్యాపారంలో డబ్బంతా సీజన్‌లో పిక్కల మీద ఇరుక్కుంటుంది. ఉద్దానం పంట చాలక ఆఫ్రికా దేశాల నుంచి కూడా తెప్పించాలి. ఏడాదికి సరిపడా కొని గోదాంలో పెట్టాక పప్పు ధర పడితే సరుకు విలువ పడుతుంది, దాంతో సరుకు మీద బ్యాంకు అప్పిచ్చే సీసీ ఖాతాలో డ్రాయింగ్ పవర్, అంటే వాడుకోగల అప్పు, తగ్గుతుంది. యజమాని మాత్రం "ధర లేస్తుంది, ఇంకో రెండు లోడ్లు కొనేయండి" అంటాడు. ఆయన అంచనా పదిసార్లు నిజమైంది కాబట్టే ఆయనకా పేరు. ఆ పదకొండోసారి ఆపేదెవరు?

పాతకాపుకు యజమాని మనసు తెలుసు. నలుగురిలో అనడు, రాత్రి ఇంటికి ఫోన్ చేసి నెమ్మదిగా చెబుతాడు. బ్యాంకులో ఆయన ముఖానికి విలువుంది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ "ఆయన చెయ్యి పడితే బంగారమే" అన్న నమ్మకం ఆయనకూ పట్టేస్తుంది, ఉప్పు తిన్న మొహమాటం తోడవుతుంది. కుర్రాడు వారం వారం ఎంత డబ్బొస్తుందో, ఎంత పోతుందో షీట్ వేసి చూపిస్తాడు, దిగుమతి బిల్లుల మీద డాలరు ఎంత పెరిగితే ఎంత నష్టమో ముందే చెబుతాడు. అయితే అదంతా మీటింగులో అందరి ముందు చెప్పి యజమానిని నొప్పిస్తాడు. ఆ తర్వాత ఎన్ని సరైన లెక్కలు తెచ్చినా ఆయన చెవికెక్కవు.

కాబట్టి నా తీర్పు ఇది. షేరు మార్కెట్‌లో నమోదైన లిస్టెడ్ కంపెనీ అయితే, లోపలే ఆరేడేళ్లు పనిచేసిన కుర్రాడు బయటి నుంచి తెచ్చిన పెద్ద పేరు కంటే మేలు. అక్కడ సీఎఫ్‌వోను వేసేటప్పుడు లెక్కలు చూసే బోర్డు ఆడిట్ కమిటీ ఆమోదించాలి, ఆ కమిటీకి ఆయన నేరుగా చెప్పుకోగలడు. యజమాని వినకపోయినా ఇంకో చెవి ఉంది. మన దగ్గర చాలావరకు భాగస్వామ్య సంస్థలు, ప్రైవేట్ లిమిటెడ్‌లు. వాటికి ఆడిట్ కమిటీ పెట్టాలన్న చట్ట నిర్బంధం లేదు. అక్కడ కుర్రాడిని ఒంటరిగా కూర్చోబెట్టడం అతనికీ, కంపెనీకీ అన్యాయమే. రెండు మూడేళ్లు పెద్దాయన కుర్చీలో ఉండాలి, కుర్రాడు పక్కన ఉండి గోదాంలో బస్తాలు లెక్కపెట్టడం దగ్గర్నుంచి కలిసి అప్పిచ్చిన బ్యాంకుల కన్సార్టియం మీటింగు దాకా చూడాలి. తర్వాత కుర్చీ మారాలి, పెద్దాయన మాత్రం ఇంకొన్నాళ్లు పిలిస్తే పలికేటట్టు ఉండాలి.

శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో సీఏ ఆర్టికల్స్ (ఆడిటరు దగ్గర శిక్షణ) చేసి ఇప్పుడు ఇలాంటి పిలుపు అందుకున్న పిల్లలకు ఒక మాట. జీతం సంగతి తర్వాత. ఆడిటరుతో, బ్యాంకుతో యజమాని లేకుండా మాట్లాడే అధికారం నీకుంటుందా అని అడుగు. బ్యాంకుకిచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ (సరుకు లెక్క) మీద సంతకం నీదైతే, సంతకానికి ముందు గోదాం తాళాలు నీకిస్తారా అని అడుగు. నీకు ముందు ఆ సీట్లో ఉన్న ఇద్దరూ ఎందుకు వెళ్లారో వాళ్లనే అడిగి తెలుసుకో. ఆ ఇద్దరితో మాట్లాడొద్దని యజమాని అంటే మాత్రం, ఎంత పెద్ద పేరున్నవాడైనా సరే, పైడిభీమవరం ఫార్మా ప్లాంట్లలో ఫైనాన్స్ మేనేజరు ఉద్యోగం దొరుకుతుందేమో చూసుకోమని చెబుతాను.