హనుమకొండ మేడమీది సైన్స్ ఆటల తరగతి: పిల్లలను చేర్పించవచ్చునా?

హనుమకొండలో ఒక ఇంటి మేడ మీద శనివారం సాయంత్రాలు నడిచే పిల్లల సైన్స్ ఆటల తరగతికి మా అమ్మాయిని ఈ విద్యాసంవత్సరం మొదటి నుంచి పంపుతున్నాము. నాలుగేళ్లు నిండిన వారి నుంచి ఎనిమిదేళ్ల లోపు వారి వరకు చేర్చుకుంటారు. రుసుము నెలకు 900 రూపాయలు, సామగ్రికి వేరుగా ఏమీ తీసుకోరు. ఆటల ద్వారా సైన్స్ పదజాలం నేర్పుతామని కరపత్రంలో రాశారు కనుక ఆ ఒక్క మాటకే కట్టుబడి ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇక్కడి పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చినది, వస్తువు పిల్లల చేతికి వచ్చే దాకా దాని పేరు బోర్డు మీదికి రాకపోవడం. మంచుముక్క, చక్కెర పాఠాన్నే తీసుకుందాం. ప్రతి ఇద్దరు పిల్లల ముందు రెండు గ్లాసులు పెట్టి, ఒకదానిలో మంచుముక్క వేయించారు, రెండోదానిలో నీళ్లు పోయించి చెంచాడు చక్కెర కలిపించారు. కొంతసేపటికి పిల్లలందరూ "రెండూ కరిగినయి టీచర్!" అని ఒక్కసారే అరిచారు. మన ఇళ్లలో రెండింటికీ ఆ మాటే వాడతాము కాబట్టి వారిని తప్పుపట్టడానికి లేదు. టీచరు కూడా తప్పుపట్టకుండా, ఈసారి నీళ్లు లేని గ్లాసులో చక్కెర, మరో ఖాళీ గ్లాసులో మంచుముక్క వేయించి, "ఇప్పుడు చూడండి" అని ఊరుకున్నారు. మంచు నీరైంది, చక్కెర ఎక్కడిదక్కడే ఉంది. మంచు కరగడానికి వేడి చాలునని, చక్కెర కరగడానికి నీళ్లు కావాలని పిల్లలే చెప్పిన తరువాత గానీ 'ద్రవీభవనం', 'ద్రావణం' అనే మాటలు బోర్డు మీదికి రాలేదు. చలికి గడ్డకట్టిన నెయ్యిని పొయ్యి దగ్గర పెట్టిన రోజు మా అమ్మాయి దానిని ద్రవీభవనమని, చాయ్‌లో చక్కెర కలిపినప్పుడు ద్రావణమని ఎవరూ అడగకుండానే అన్నది. నేర్చుకున్న మాటను నేర్పని చోట వాడటం కన్నా గట్టి పరీక్ష ఈ వయసు పిల్లలకు మరొకటి ఉంటుందని నేను అనుకోను.

బతుకమ్మ పండుగకు ముందు జరిగిన పాఠం ఇంకా బాగుంది. పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చిన తంగేడు, గునుగు పూలను పాత దినపత్రిక మీద పరిచి, తంగేడు పువ్వును పొర పొరగా విప్పించారు. బయటివి రక్షక పత్రాలు, ఐదు పసుపుపచ్చని రేకులు ఆకర్షణ పత్రాలు, లోపల కేసరాలు, నడుమ అండకోశం. ఆ తరువాత గునుగు కంకిని భూతద్దం కింద పెట్టి, అది ఒక్క పువ్వు కాదని, వరుసగా అమరిన ఎన్నో చిన్న పూల గుంపని చూపించారు. ఏటా తాంబాళంలో పేర్చే పువ్వులోని ఈ సంగతి పిల్లలతో పాటు తలుపు దగ్గర నిలబడిన తల్లులకు కూడా కొత్తగానే తోచింది. తేలడం, మునగడం పాఠంలో తొక్కతో ఉన్న కమలాపండు తేలి, తొక్క ఒలిచినది మునిగినప్పుడు, నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో శిఖరం కట్టిన రామప్ప గుడి ప్రస్తావన వచ్చింది. 1213 నాటి శాసనం ఉన్న, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన గుడి మన జిల్లాల పిల్లలకు దగ్గరిదే కనుక, 'సాంద్రత' అనే బరువైన మాటకు అంతకన్నా మంచి ఆసరా దొరకదు.

అన్ని శనివారాలూ ఇలా ఉండవు. వంట సోడా మీద వెనిగర్ పోసి పొంగించిన 'అగ్నిపర్వతం' రోజున పిల్లల కేకలు వీధి చివరి దాకా వినిపించాయి కానీ, ఇంటికి వచ్చాక అడిగితే 'అగ్నిపర్వతం' తప్ప మరో మాట రాలేదు. ఆ మాట కూడా తప్పు చోట అతుక్కుంది. గిన్నెలో పొంగినది ఆమ్లమూ క్షారమూ కలిసినప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్ వాయువు. నిజమైన అగ్నిపర్వతంలో పైకి వచ్చేది భూమి లోపల కరిగిన రాయి. బుడగలను చూపించి 'వాయువు' అనే ఒక్క మాట నేర్పినా ఆ సాయంత్రం దక్కేది. తరగతి చివరి పావుగంట కొత్త మాటలను పదేసి సార్లు రాయించడం నాకు అసలు మింగుడుపడలేదు. పెన్సిల్ సరిగా పట్టుకోవడం రాని నాలుగేళ్ల పిల్లలకు అది శిక్షతో సమానం.

ఇంటికి ఇచ్చే బొమ్మల కార్డుల మీద మాటలు ఇంగ్లిషులో మాత్రమే ఉండటం మరో లోపం. 2022-23 నుంచి ప్రభుత్వ బడులలో ఇంగ్లిషు మాధ్యమంతో పాటు రెండు భాషల పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఇక్కడ టీచరు చక్కని తెలుగులో చెబుతూ కార్డును మాత్రం ఒక్క భాషకు పరిమితం చేయడంలో అర్థం లేదు. సాయంత్రాలు మనవరాలి పక్కన కూర్చునే మా అమ్మ ఆ కార్డులను చదవలేక బొమ్మలు మాత్రమే చూస్తున్నది.

ఒక్క టీచరుకు పన్నెండు మంది పిల్లలు అంటే ఈ పనికి కొంచెం ఎక్కువే. మెట్లు ఇరుకు, బండి నిలుపుకోవడానికి చోటు తక్కువ. అయినా ఐదు దాటిన పిల్లలకు నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. నాలుగేళ్ల వారి విషయంలో మాత్రం రాత పని నుంచి మినహాయింపు ముందే అడిగి ఒప్పించుకోవాలి. డబ్బు కట్టే ముందు ఒక శనివారం వెనుక కూర్చుని చూడనిస్తారు. ఆ రోజు అగ్నిపర్వతం లాంటి ప్రదర్శన కాక మామూలు పాఠం ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని వెళ్లడం మంచిది.