ఆప్‌సిక్స్ వచ్చాక డీఎక్స్7 మీద ఇష్టం పెరిగింది

కొత్త సింథ్ (సింథసైజర్, సౌండుని మనమే మలచుకునే ఎలక్ట్రానిక్ కీబోర్డు) చేతికి రాగానే పాతవాటి మీద మోజు తీరిపోతుందంటారు. కోర్గ్ ఆప్‌సిక్స్ నా దగ్గర ఆ పని సగమే చేసింది. నా ఇంకో సింథ్ మినీలాగ్ మీద మోజు తీర్చేసింది, నిజమే. కానీ ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న యమహా డీఎక్స్7ని మళ్లీ టేబుల్ ఎక్కించింది. అందుకే ఇది ఆప్‌సిక్స్ రివ్యూనే అయినా ఆ రెండింటి ఊసు రాకుండా రాయడం నా వల్ల కాదు.

పైపై వివరాలు ముందు చెప్పేస్తాను. 2020లో ప్రకటించిన మోడల్ ఇది. 37 కీస్, ఆరు ఆపరేటర్లు (తరంగం పుట్టించే భాగాలు), ఒకేసారి 32 నోట్స్. బాడీ ప్లాస్టిక్, బరువు మూడు కిలోల లోపే. చేతిలోకి తీసుకుంటే బొమ్మేమో అనిపిస్తుంది కానీ కీస్ పూర్తి సైజువి, వాయించడానికి హాయిగా ఉన్నాయి.

అసలు విషయం ఎఫ్ఎం, అంటే ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్. ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని చాలా వేగంగా వణికించడమే ఈ పద్ధతి. వణికేది క్యారియర్, మనకు వినపడేది అదే. వణికించేది మాడ్యులేటర్, అది నేరుగా వినపడదు కానీ క్యారియర్ రంగు మొత్తం మార్చేస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ 1967లో కనిపెట్టిన ఈ పద్ధతికి యమహా లైసెన్సు తీసుకుని, 1983లో డీఎక్స్7 రూపంలో జనంలోకి తెచ్చింది. దాని ఎలక్ట్రిక్ పియానో ఎంత మందికి నచ్చిందో, దాని ప్రోగ్రామింగ్ అంత మందికి తలనొప్పి తెచ్చింది. నాబ్స్ ఉండవు. రెండు లైన్ల డిస్‌ప్లే, వరసగా చదునైన బటన్లు, విలువ మార్చడానికి ఒకే ఒక్క స్లైడర్. ఏదో నొక్కి, ఏదో జరిపి, తీరా కీ వాయిస్తే ఏం మారిందో అంతుపట్టదు. నాలాంటి వాళ్లం ప్రీసెట్లతోనే, అంటే కంపెనీ ముందే చేసిచ్చిన సౌండ్లతోనే సరిపెట్టుకున్నాం.

ఆప్‌సిక్స్‌లో ఆ ఆరు ఆపరేటర్లకీ ఆరు స్లైడర్లు, ఆరు నాబ్స్. స్లైడర్ లెవెల్‌కి, నాబ్ రేషియోకి, అంటే వాయించిన నోటుకి ఎన్ని రెట్ల వేగంతో ఆ తరంగం కదలాలన్నదానికి. ఆల్గరిదమ్ (ఆపరేటర్లు ఒకదానికొకటి ఎలా కలిశాయో చెప్పే అమరిక) మారిస్తే ఏది క్యారియర్, ఏది మాడ్యులేటర్ అన్నదాన్ని బట్టి వాటి లైట్ల రంగులు కూడా మారతాయి. చెప్పుకోడానికి ఇంతే, కానీ దీనితోనే నాకు ఎఫ్ఎం అర్థమైంది.

డీఎక్స్7 సిసెక్స్ ప్యాచ్‌లను, అంటే దాని సౌండ్ల సెట్టింగులున్న ఫైళ్లను ఆప్‌సిక్స్ తీసుకుంటుంది. నేను మొదట వేసుకున్నది ఆ పాత ఇ-పియానో 1నే. అది ఆల్గరిదమ్ 5, అంటే మూడు జతలు. మొదటి జతలో రెండో ఆపరేటర్ రేషియో 14. ఆ స్లైడర్ పూర్తిగా దించి వాయిస్తే మెత్తటి, గుండ్రటి స్వరం మాత్రమే మిగులుతుంది. మెల్లగా పైకి తోస్తుంటే కీ తగిలిన క్షణంలో సన్నగా 'టింగ్' మొదలవుతుంది. ఇంకా తోస్తే అది గంటవుతుంది, ఆ పైన రేకు డబ్బా. అన్నేళ్లు విన్న సౌండులో ఆ టింగ్ ఎక్కడి నుంచి వస్తోందో వేలితో పట్టుకున్నట్టయింది.

వెంటనే డీఎక్స్7 ఆన్ చేశాను. ఎడిట్‌లోకి వెళ్తే డిస్‌ప్లేలో 111111 అని కనపడుతుంది, ఆరు ఆపరేటర్లూ ఆన్‌లో ఉన్నాయని. రెండో బటన్ నొక్కితే 101111. టింగ్ మాయం! అదే సౌండు, అదే కారణం. పైన ప్యానెల్ మీద అచ్చువేసిన 32 ఆల్గరిదమ్ బొమ్మలు ఇప్పుడు దర్జాగా చదువుతున్నాను. బటన్లు నొక్కే విసుగు తగ్గలేదు, కాకపోతే ఎందుకు నొక్కుతున్నానో తెలుసు.

అంతకన్నా ఆశ్చర్యం, కొన్ని చోట్ల పాతదే మెరుగు. డీఎక్స్7 ఎన్వలప్‌కి (నోటు మొదలై ఆరేదాకా సౌండు ఎలా మారాలో చెప్పే గీత) నాలుగు రేట్లు, నాలుగు లెవెల్స్. సౌండు లేచి, పడి, మళ్లీ లేచేలా చేయొచ్చు. ఆప్‌సిక్స్‌లో మామూలు అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్ (లేవడం, తగ్గడం, నిలవడం, ఆరడం) మాత్రమే. అలాంటి ప్యాచ్‌లు దీంట్లోకి వచ్చేసరికి ఆ వంపు పోతుంది. పాతదాంట్లో అంకెలను సౌండుగా మార్చే 12 బిట్ కన్వర్టర్ వల్ల నోటు ఆరిపోయే చివర్లో సన్నటి గరగర ఉంటుంది. ఒకప్పుడు దాన్ని లోపం అనుకునేవాణ్ణి. ఆప్‌సిక్స్ శుభ్రత పక్కన పెట్టి వింటే ఆ గరగరే కావాలనిపిస్తోంది. పైగా డీఎక్స్7కి ఆఫ్టర్‌టచ్ (నొక్కి ఉంచిన కీని ఇంకా అదిమితే సౌండు మారడం) ఉంది, ఆప్‌సిక్స్‌కి లేదు.

ఇక మినీలాగ్. 2016 నాటి అనలాగ్ సింథ్ (సౌండుని డిజిటల్ లెక్కలతో కాక సర్క్యూట్లతోనే పుట్టించేది), ఒకేసారి నాలుగు నోట్స్, సన్న కీస్. ఆప్‌సిక్స్ ఫిల్టర్లలో (సౌండులో కొంత భాగాన్ని వడకట్టేవి) కోర్గ్ పాత సింథ్‌లు ఎంఎస్-20, పాలీసిక్స్ తరహావి కూడా ఉన్నాయి. సా (రంపం పళ్ల ఆకారపు) తరంగం పెట్టి వాటి గుండా పంపితే నాకు కావలసిన ప్యాడ్స్ (మెత్తగా సాగే సౌండ్లు) వచ్చేశాయి, అదీ నోట్స్ తెగకుండా. అనలాగే వేరు అనే వాళ్లతో వాదన పెట్టుకోను. పదిమంది వాయిస్తున్న చోట ఆ తేడా నా చెవికి ఆనలేదు, అంతే. మినీలాగ్ మా తమ్ముడి కూతురికి ఇచ్చేశాను. ఆ చిన్న కీస్ దాని వేళ్లకి సరిగ్గా సరిపోయాయి.

రెండు చేతులతో వాయించేవాళ్లకు 37 కీస్ చాలవు. నేను డీఎక్స్7 నుంచి మిడి కేబుల్ (ఏ కీ నొక్కామో ఇంకో సింథ్‌కి చెప్పేది) లాగి, దాని 61 కీస్‌తో ఆప్‌సిక్స్ వాయిస్తున్నాను. డీఎక్స్7 మిడి ఛానెల్ 1 మీదే పంపుతుంది, ఎంత గట్టిగా కొట్టినా వెలాసిటీ (కీ కొట్టిన జోరుకి అంకె) గరిష్ఠమైన 127 దాకా పోదు. ఆప్‌సిక్స్‌లో వెలాసిటీ సెట్టింగు కాస్త పెంచుకుంటే ఇబ్బంది లేదు. తర్వాత వచ్చిన ఆప్‌సిక్స్ మార్క్ టూలో ఒకేసారి 64 నోట్స్ పలుకుతాయి. నాకైతే 32 ఇంతవరకూ తక్కువ పడలేదు, కాబట్టి మొదటి మోడల్ మంచి కండిషన్‌లో దొరికితే అదే తీసుకోమంటాను.