ప్రెస్టో 23 క్వార్టుల ప్రెషర్ క్యానర్: మన వంటింటికి ఎంతవరకు పనికొస్తుంది?

అమెరికాలో పెరటి తోట పెంచే తెలుగు కుటుంబాల్లో, వేసవిలో ఒక్కసారిగా విరగకాసే బెండకాయలనూ చిక్కుళ్లనూ ఫ్రీజర్‌లో పట్టించలేక ప్రెషర్ క్యానింగ్ (ఆహారాన్ని సీసాల్లో నింపి, ఆవిరి ఒత్తిడితో వేడిచేసి నిల్వచేసే పద్ధతి) వైపు చూసేవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. నేను వాడుతున్నది విస్కాన్సిన్‌కు చెందిన ప్రెస్టో సంస్థ తయారుచేసే 23 క్వార్టుల (క్వార్టు అంటే సుమారు ఒక లీటరు) అల్యూమినియం క్యానర్. ఒక్క విడతకు 7 క్వార్టు సీసాలు, లేదా రెండు వరుసలుగా పేర్చుకుంటే 20 పైంటు (అర క్వార్టు) సీసాలు ఇందులో పడతాయి.

ఇంత పెద్ద పాత్ర ఎందుకు, సీసాలను మరుగునీటిలో ఉంచితే చాలదా అన్న సందేహం సహజమే. పులుపు తక్కువగా ఉండి పీహెచ్ (ఆమ్లతను సూచించే కొలత; పులుపు తగ్గేకొద్దీ పెరుగుతుంది) 4.6 దాటిన కూరగాయలు, పప్పుధాన్యాలు, మాంసం విషయంలో అది చాలదు. బాట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషప్రభావాన్ని కలిగించే బాక్టీరియా సిద్ధబీజాలు (స్పోర్లు) నీరు మరిగే వేడికి చావవు. పైగా గాలి చొరబడని సీసా అవి మొలకెత్తడానికి అనువైన చోటు. వాటిని నాశనం చేయాలంటే దాదాపు 116 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, అది ఆవిరి ఒత్తిడితోనే సాధ్యం. 2015లో ఒహాయోలోని లాంకాస్టర్‌లో, మరుగునీటి పద్ధతిలో ఇంట్లో నిల్వచేసిన బంగాళదుంపలతో కలిపిన సలాడ్ చర్చి విందులో తిని 29 మంది జబ్బుపడ్డారు, ఒకరు మరణించారు. ఈ పనిలో నేను ఏ సడలింపునూ అంగీకరించకపోవడానికి కారణం ఇదే.

క్యానర్ వాడకం కష్టం కాదు, కానీ మన కుక్కర్ అలవాట్లను మాత్రం పక్కన పెట్టాలి. ఇక్కడ విజిళ్ల లెక్క లేదు. అడుగున 3 క్వార్టుల నీళ్లు పోసి, సీసాలు అమర్చి, మూత బిగించాక, వెయిట్ పెట్టకుండా 10 నిమిషాల పాటు ఆవిరిని ధారాళంగా పోనివ్వాలి. లోపల గాలి మిగిలితే గేజ్ సరైన ఒత్తిడినే చూపినా వేడి మాత్రం తగ్గుతుంది. తర్వాతే వెయిట్ పెట్టి, ఒత్తిడి నిర్ణీత స్థాయికి చేరిన క్షణం నుంచి నిమిషాలు లెక్కించాలి. మధ్యలో ఒత్తిడి ఆ స్థాయి కంటే తగ్గితే లెక్క మళ్లీ మొదటి నుంచి. సమయం పూర్తయ్యాక చల్లటి నీళ్లు పోసి ఆవిరి దించే మన పద్ధతి ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే క్యానర్ దానంతట అది చల్లారే వ్యవధి కూడా పరీక్షించిన సమయంలో భాగమే.

ఈ క్యానర్‌తో వచ్చే డయల్ గేజ్‌ను ఏటా పరీక్షింపజేసుకోవాలి; చాలా కౌంటీల ఎక్స్‌టెన్షన్ కార్యాలయాల్లో (విశ్వవిద్యాలయాల తరఫున వ్యవసాయ, గృహ సలహాలిచ్చే కార్యాలయాలు) ఆ సదుపాయం ఉంటుంది. నా సలహా మాత్రం, విడిగా దొరికే 5, 10, 15 పౌండ్ల మూడు ముక్కల వెయిట్‌ను క్యానర్‌తో పాటే కొనుక్కోమని. అప్పుడు ముల్లును కనిపెట్టుకుని కూర్చోనవసరం లేదు, వెయిట్ కదలిక వింటే చాలు. ఎత్తును బట్టి ఒత్తిడి మారుతుందన్నది మరవకూడదు: డాలస్ వంటి చోట డయల్ గేజ్‌పై 11 పౌండ్లు సరిపోతే, డెన్వర్‌లో 13 కావాలి.

సమయాల కోసం అమెరికా వ్యవసాయ శాఖ క్యానింగ్ మార్గదర్శినినీ, జార్జియా విశ్వవిద్యాలయంలోని జాతీయ ఆహార నిల్వ కేంద్రం వెబ్‌సైట్‌నూ మాత్రమే నమ్ముతాను, రెండూ ఉచితమే. బెండకాయలకు పైంటుకు 25 నిమిషాలు, క్వార్టుకు 40. నానబెట్టి అరగంట ఉడికించిన కాబూలీ శనగలు, రాజ్మా, బొబ్బర్లకు పైంటుకు 75, క్వార్టుకు 90. నా దృష్టిలో ఈ క్యానర్ ఖరీదుకు తగిన ఫలితం శనగలూ రాజ్మాలోనే ఉంది: పని రోజు సాయంత్రం సీసా తెరిచి తాలింపు వేస్తే కూర సిద్ధమవుతుంది. బెండకాయలు మెత్తబడతాయి కాబట్టి వేపుడుకు పనికిరావు, పులుసుకు మాత్రం బాగుంటాయి.

ముద్దపప్పు, గోంగూర పప్పు, సాంబారు వంటివి సీసాల్లో నింపాలని చాలామందికి ఆశ ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి. చిక్కటి పదార్థం నడిమధ్యకు వేడి ఎంతసేపటికి చేరుతుందో పరీక్షించి నిర్ధారించిన సమయాలు వీటికి లేవు. వీటికి ఫ్రీజరే సరైన చోటు.