కాన్ఫరెన్స్ టోర్నమెంట్ల పూల్: పాయింట్లు ఏ లెక్కన వేస్తే మేలు?

ఫిబ్రవరి ఆఖరు వారం వచ్చిందంటే నాకు ఇదే ప్రశ్న మొదలవుతుంది. "అన్నా, మేమూ పూల్ పెడుతున్నాం, మీరు పాయింట్లు ఎలా వేస్తారు?" పూల్ అంటే ఏ టోర్నమెంట్ ఎవరు గెలుస్తారో స్నేహితులంతా ముందే రాసి పాయింట్లకి పోటీపడడం. ఆట అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్. దాని జాతీయ టోర్నమెంట్ మార్చి మ్యాడ్‌నెస్. అసలు ఆ బ్రాకెట్ (ఎవరితో ఎవరు ఆడతారో చూపే పట్టిక) గురించి ఎవరూ అడగరు. దానికి యాప్‌లున్నాయి, లెక్కలు అవే చూసుకుంటాయి. అడిగేదల్లా దానికి ముందు వచ్చే రెండు వారాల గురించే. 31 కాన్ఫరెన్సులు, అంటే కాలేజీ జట్ల గుంపులు, ఎవరి తేదీల్లో వాళ్లు, ఎవరి ఊళ్లో వాళ్లు టోర్నమెంట్ ఆడుకుని, సెలక్షన్ సండే (మార్చి మ్యాడ్‌నెస్ జట్లని ప్రకటించే ఆదివారం) సాయంత్రానికి ఒక్కో ఛాంపియన్‌ని తేల్చే రోజులవి. వాటికి రెడీమేడ్ లెక్క లేదు. ఎవరి తిప్పలు వాళ్లవి.

మేముండేది నార్త్ కరోలినాలోని క్యారీలో. డ్యూక్, యూఎన్‌సీ, ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీలు మూడూ మాకు అరగంట దూరంలోనే, మూడూ ఆడేది ఏసీసీ అనే కాన్ఫరెన్సులోనే. ఇండియా నుంచి వచ్చినప్పుడు బాస్కెట్‌బాల్‌లో ఓనమాలు తెలియనివాళ్లం కూడా ఇక్కడ మార్చి నెలలో ఏదో ఒక రంగు చొక్కా వేసుకోక తప్పదు. మా పూల్‌లో పన్నెండు మందిమి. డబ్బు పెట్టం. అడుగున మిగిలిన ముగ్గురూ కలిసి మిగతావాళ్లకి బిర్యానీ పెట్టించాలి, అంతే. 31 కాన్ఫరెన్సులూ పెడితే సగం పేర్లు ఎవరికీ తెలియవు కాబట్టి పదే తీసుకుంటాం: ఏసీసీ, ఎస్ఈసీ, బిగ్ టెన్, బిగ్ 12, బిగ్ ఈస్ట్, అట్లాంటిక్ 10, మౌంటెన్ వెస్ట్, వెస్ట్ కోస్ట్, అమెరికన్, ఐవీ. ఐవీలో ఆడేది నాలుగు జట్లే, 2017 దాకా వాళ్లకి టోర్నమెంటే లేదు. అయినా ఐవీ అన్న మాట మీద మనవాళ్లకున్న మోజు సంగతి చెప్పాలా?

మొదట్లో మాది అందరూ చేసే లెక్కే. ప్రతి కాన్ఫరెన్సుకీ ఛాంపియన్ ఎవరో రాయాలి, సరిపోతే ఒక పాయింటు. పదికి ఎన్నొస్తే అన్ని. ఎవరికీ ఏదీ వివరించనక్కర్లేదు, పిల్లలు కూడా నింపేస్తారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇప్పటికీ అదే చెబుతాను, కానీ ఒక్క ఏడాదికే.

ఎందుకంటే 2024 మార్చి సంగతి చెప్పాలి. మా గుంపులో ఎన్‌సీ స్టేట్‌లో ఎంఎస్ చేసినాయన ఒకడున్నాడు. ఆ జట్టు పేరు వుల్ఫ్‌ప్యాక్ కాబట్టి వాణ్ణి తోడేలనే పిలుస్తాం. ఏటా ఏసీసీ గడిలో ఎన్‌సీ స్టేట్ అనే రాస్తాడు, ఏటా మేం నవ్వుతాం. ఆ ఏడాది ఇంకా ఎక్కువ నవ్వాం. రెగ్యులర్ సీజన్‌లో ఆఖరి నాలుగు మ్యాచ్‌లూ ఓడి, పదో సీడ్‌గా, అంటే ఏసీసీ ర్యాంకుల్లో పదో జట్టుగా, టోర్నమెంట్ జరిగే వాషింగ్టన్ వెళ్లిన జట్టది. పై నాలుగు సీడ్లకి డబుల్ బై ఉంటుంది, అంటే మొదటి రెండు రౌండ్లూ ఆడనక్కర్లేదు, మూడు గెలిస్తే కప్పు వాళ్లదే. వీళ్లు మంగళవారం నుంచి శనివారం దాకా ఐదు రోజుల్లో ఐదూ గెలవాలి. లూయీవిల్, సిరక్యూస్, డ్యూక్ మీద గెలిచారు. శుక్రవారం రాత్రి సెమీఫైనల్లో వర్జీనియా మూడు పాయింట్ల ముందుంది, ఐదు సెకన్లే మిగిలాయి. వర్జీనియా ఆటగాడు ఫ్రీ త్రో పోగొట్టాడు. ఎన్‌సీ స్టేట్ ఆటగాడు మైకేల్ ఓకానెల్ పరుగున వచ్చి దూరం నుంచే విసిరితే బంతి బోర్డుకి కొట్టుకుని, రింగు మీద ఆడి, లోపల పడింది, స్కోరు సమం. మా ఇంట్లో అప్పుడు పెనం మీద దోసె ఉంది. అది మాడిపోయిన వాసన వచ్చేదాకా ఎవరికీ గుర్తు లేదు. ఓవర్‌టైమ్‌లో 73-65. మర్నాడు ఒకటో సీడ్ యూఎన్‌సీ మీద 84-76. 1987 తర్వాత ఎన్‌సీ స్టేట్‌కి అదే మొదటి ఏసీసీ కప్పు.

తోడేలుకి వచ్చింది ఒక్క పాయింటు. యూకాన్ బిగ్ ఈస్ట్ గెలుస్తుందని పదిమందిమి రాశాం, ఆ పదిమందికీ కూడా అదే ఒక్క పాయింటు. చివరికి గెలిచినాయన దగ్గర యూకాన్, సెయింట్ మేరీస్, ఇల్లినాయ్, అయోవా స్టేట్ ఉన్నాయి. అన్నీ ఒకటో సీడో రెండో సీడో. నాలుగు పాయింట్లు. తోడేలు దగ్గర మూడు. "ఇదేం న్యాయంరా?" అన్నాడు. వాడికి జవాబు చెప్పలేకపోయాం.

అప్పుడు తట్టింది నాకు. సమాన పాయింట్ల లెక్కలో తెలివైనవాడు చేయాల్సిన పని ఒకటే, ప్రతిచోటా పై సీడ్ రాసేయడం. అందరూ అదే చేస్తే పన్నెండు షీట్లూ ఒకదానికొకటి జిరాక్స్ కాపీలే. 2025 చూడండి. మేం ఆడే పదింటిలో ఆరు ఒకటో సీడ్లే గెలిచాయి: డ్యూక్, హ్యూస్టన్, సెయింట్ జాన్స్, వీసీయూ, మెంఫిస్, యేల్. సీడ్ నంబరు తప్ప ఇంకేమీ చూడనివాడికి కూడా ఆరు వచ్చేస్తాయి. 2024లో అదే మనిషికి వచ్చేవి రెండే, యూకాన్, సెయింట్ మేరీస్. అంటే ఒక ఏడాది వాడు మేధావి, ఇంకో ఏడాది వెర్రివాడు. మారింది వాడి బుర్ర కాదు కదా. నా దృష్టిలో పూల్‌కి అసలు పరీక్ష ఇక్కడే ఉంది: పక్కవాడికంటే వేరుగా ఆలోచించినవాడికి ఆ లెక్క ఏమిస్తుంది?

కొందరు వెంటనే పూర్తి బ్రాకెట్ అంటారు. ప్రతి మ్యాచ్‌కీ ఎవరు గెలుస్తారో రాయడం, రౌండ్ రౌండ్‌కీ పాయింట్లు రెట్టింపు చేయడం. వినడానికి బాగుంటుంది. 2025లో మా జాబితాలో మొదటి ఐదు పెద్ద కాన్ఫరెన్సులకీ కలిపి చూస్తే 68 మ్యాచ్‌లు. అసలు మార్చి మ్యాడ్‌నెస్ మొత్తమే 67. పైగా చాలావరకు మంగళవారం, బుధవారం మధ్యాహ్నాలు మొదలవుతాయి, మనం మీటింగుల్లో ఉండే వేళ. సరే, ఓపిక ఉందనుకుందాం. ఆ 2024 ఏసీసీకే వేసి చూడండి: రౌండ్లకి 1, 2, 4, 8, 16. ఎన్‌సీ స్టేట్‌ని చివరిదాకా రాసినవాడికి 31. యూఎన్‌సీ గెలిచి ఉంటే, మొదటి రెండు రౌండ్లూ బై కాబట్టి, దాన్ని రాసినవాడికి 28. పదో సీడ్ ఐదు రోజుల సాహసానికీ ఒకటో సీడ్ మూడు రోజుల పనికీ తేడా మూడంటే మూడు పాయింట్లు. రెట్టింపు పేరుతో మళ్లీ సమాన పాయింట్ల దగ్గరికే వచ్చాం. మధ్యలో పెరిగింది రాత పనే. బాస్కెట్‌బాల్ తిని బాస్కెట్‌బాల్ తాగే ఐదారుగురు ఉంటే ఆడుకోండి. భార్యాభర్తలు కలిసి ఆడే మా లాంటి గుంపుకి మాత్రం ఇది కాదు.

కాన్ఫిడెన్స్ పాయింట్లు నిజంగా గట్టి పోటీ. పది కాన్ఫరెన్సులకీ 10 నుంచి 1 దాకా నంబర్లు ఇవ్వాలి. ఎక్కడ బాగా నమ్మకముందో అక్కడ 10, గుడ్డిగా రాసిన చోట 1. ఒకే జట్లు రాసినా ఇద్దరి షీట్లూ వేరుగా ఉంటాయి. బ్రాకెట్ ఆకారం చదవడం తెలిసినవాడికి ఫలితం దక్కుతుంది. వెస్ట్ కోస్ట్‌లో పై రెండు సీడ్లూ నేరుగా సెమీఫైనల్లోనే దిగుతాయి, రెండు గెలిస్తే చాలు. అక్కడ గొన్జాగాకో సెయింట్ మేరీస్‌కో 10 పెట్టడం తెలివే. అమెరికా ఈస్ట్, పేట్రియట్ లాంటి చిన్నవాటిలో మ్యాచ్‌లు పై సీడ్ సొంత గ్రౌండ్‌లోనే జరుగుతాయి, అదీ లెక్కలోకి తీసుకోవచ్చు. అలా తీసుకుని 2018లో అమెరికా ఈస్ట్ ఒకటో సీడ్ వెర్మాంట్ మీద పెద్ద నంబరు పెట్టినవాళ్లు ఏమయ్యారో తెలుసుగా? వాళ్ల ఇంట్లోనే, ఆఖరి క్షణంలో మూడు పాయింట్ల షాట్ కొట్టి 65-62తో యూఎంబీసీ కప్పు ఎత్తుకుపోయింది. ఆ తర్వాత మార్చి మ్యాడ్‌నెస్‌లో పదహారో సీడ్‌గా వెళ్లి ఒకటో సీడ్ వర్జీనియాని ఎలా ఓడించిందో లోకమంతా చూసింది.

కాన్ఫిడెన్స్‌తో నాకున్న పేచీ క్యాలెండర్‌తో. నంబర్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి అన్నీ ఒకేసారి, మొట్టమొదటి టోర్నమెంట్‌కి ముందే ఇచ్చేయాలి. వెస్ట్ కోస్ట్ మొదలయ్యే వారం ఏసీసీలో ఇంకా రెగ్యులర్ సీజనే అవదు. ఎవరికి డబుల్ బై, ఎవరి దారిలో ఎవరు అన్నది శనివారం రాత్రికి గానీ తేలదు. బ్రాకెట్ కంటికి కనబడకముందే దాని మీద ఎంత నమ్మకమో చెప్పమంటే ఎలా? పెద్ద ఐదూ ఒక కట్ట, మిగతావి ఇంకో కట్ట చేసి రెండు విడతలుగా పెడితే కొంత నయం. నేను నడిపే పూల్ కాకపోతే దీంట్లో సంతోషంగా ఆడతాను.

మాది ఇప్పుడు పంచుకునే లెక్క. ఒక్కో కాన్ఫరెన్సుకీ 12 పాయింట్లు, అంటే మనిషికొకటి చొప్పున. ఛాంపియన్‌ని సరిగ్గా రాసినవాళ్లంతా ఆ 12నీ సమానంగా పంచుకోవాలి. ఒక్కడే రాస్తే మొత్తం వాడిదే. పదిమంది రాస్తే తలా 1.2. ఎవరూ రాయకపోతే గంగలో కలిసినట్టే.

దీంట్లో సీడ్ల జోలికి పోనక్కర్లేదు. ఏ జట్టుకి ఎంత ధర ఉండాలో నేను కూర్చుని నిర్ణయించనక్కర్లేదు, పన్నెండు మందీ తెలియకుండానే నిర్ణయిస్తారు. మీతో కలిపి తొమ్మిదిమంది డ్యూక్ రాస్తే, అది గెలిచినా మీకొచ్చేది 1.33. లూయీవిల్ మీరొక్కరే రాస్తే 12. అంటే లూయీవిల్ కంటే డ్యూక్‌కి తొమ్మిది రెట్లు అవకాశముందని మీకు గట్టిగా అనిపిస్తేనే డ్యూక్ రాయడం లాభం. ఇక్కడ ఆట గురించే కాదు, ఎదురుగా కూర్చున్న పదకొండు మంది గురించీ ఆలోచించాలి. ఫలానా ఆయన యూఎన్‌సీ తప్ప రాయడు, ఫలానా ఆవిడ భర్త రాసినదానికి వ్యతిరేకంగా రాస్తుంది. ఇళ్లకి రాకపోకలున్న స్నేహితుల మధ్య ఇదే అసలు మజా.

2024 షీట్లని ఈ లెక్కలో మళ్లీ వేసి చూశాను. తోడేలుకి ఎన్‌సీ స్టేట్ మీద 12, యూకాన్ మీద 1.2, నలుగురు రాసిన సెయింట్ మేరీస్ మీద 3, మొత్తం 16.2. గెలిచినాయనకి 1.2, 3, ఇల్లినాయ్‌కి 3, అయోవా స్టేట్‌కి 4, మొత్తం 11.2. "అభిమానంతో గుడ్డిగా రాసినవాడికి ఇంతా?" అని ఆయన గొడవ. అందులో కొంత న్యాయముంది. కానీ గుడ్డి అభిమానానికి ఈ లెక్క జీతమూ ఇస్తుంది, కోతా వేస్తుంది. 2025లో ఏసీసీలో 18 జట్లకి 15నే టోర్నమెంట్‌కి రానిచ్చారు. బయట ఉండిపోయిన మూడింటిలో ఎన్‌సీ స్టేట్ ఒకటి. తోడేలు ఏసీసీ గడి ఖాళీగా వదిలేశాడు, చచ్చినా డ్యూక్ పేరు రాయనన్నాడు. మిగతా పదకొండు మందిమీ డ్యూకే రాశాం. గురువారం జార్జియా టెక్ మ్యాచ్‌లో డ్యూక్ స్టార్ కూపర్ ఫ్లాగ్ చీలమండ మెలిపడేసరికి గ్రూపులో ఏడుపులు. వాడు లేకుండానే డ్యూక్ గెలిచింది. అంత టెన్షన్‌కి తలా వచ్చింది 1.09. అదే బిగ్ టెన్‌లో మూడో సీడ్ మిషిగన్‌ని నమ్మిన ముగ్గురికీ తలా నాలుగు.

ఇందులో లోపాలు లేవని కాదు. భార్యాభర్తలు కూడబలుక్కుని ఒకరు ఫేవరెట్, ఒకరు గాలివాటం రాసుకోవచ్చు. ఎవరికీ ఏమీ తెలియని కాన్ఫరెన్సు పెడితే జట్టు పేరు ముద్దుగా ఉందని రాసినవాడికి 12 వచ్చి పడతాయి. అందుకే పదికి మించి పెట్టొద్దంటాను. ఇంకో సంగతి, ఈ లెక్కని ఇంత వెనకేసుకొస్తున్న నేను 2025లో ఏడో స్థానం.

జట్లని వేలం పాడుకోవడం గురించి కూడా అడుగుతుంటారు. ఐపీఎల్ వేలంలా ఉంటుంది, ఒక సాయంత్రం సరదాగా గడుస్తుంది. కానీ అందరూ ఒకే గదిలో ఉండాలి. సర్వైవర్, అంటే రోజుకో జట్టు రాసి ఓడితే ఇంటికి పోవడం, రెండో రోజుకే సగం మందిని ఖాళీ చేస్తుంది.

పంచుకునే లెక్క పెట్టుకుంటే మాత్రం పిక్స్‌ని వాట్సాప్ గ్రూపులో వేయనివ్వొద్దు. మొదట్లో మేం అలాగే చేసి దెబ్బతిన్నాం. ఆఖర్న వేసేవాడు అందరివీ చూసి, ఎవరూ రాయని మంచి జట్టు తీరిగ్గా ఏరుకునేవాడు. ఇప్పుడు కాన్ఫరెన్సుకో గూగుల్ ఫారమ్. దాని మొదటి రోజు మధ్యాహ్నం 12కి మూతపడుతుంది, మూతపడ్డాకే అందరివీ ఒకేసారి బయటపెడతాను.

అక్కడా ఒక తిరకాసు ఉంది. ఇక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు, సరిగ్గా ఈ టోర్నమెంట్ల నడుమ. హైదరాబాద్ నుంచి మా బావ కూడా ఆడతాడు. వెస్ట్ కోస్ట్ ఫారమ్ ఆయనకి రాత్రి 10:30కి మూతపడింది. తర్వాతి మంగళవారం ఏసీసీది ముందే పంపేశాడు. బిగ్ 12ది మాత్రం ఇంకా టైముంది కదా అని తీరిగ్గా భోంచేసి పది గంటలకి తెరిచాడు. అది 9:30కే మూతపడింది. హ్యూస్టన్ రాద్దామనుకున్నాడట. హ్యూస్టన్ గెలిచింది కూడా. ఈసారి నుంచి ఫారమ్ మీద రెండు ఊళ్ల టైమూ రాస్తున్నాను, అయినా సోమవారం రాత్రి ఒకసారి ఫోన్ చేయమన్నాడు.